ముందు దారి, ఆ తర్వాతే సైకిల్

ప్రశ్న: నా వయసు 41. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఈ మధ్య ఒక స్నేహితుడి పాత మౌంటెన్ బైక్ అడిగి తీసుకుని వారాంతాల్లో మట్టి దారుల్లో తొక్కుతున్నాను. చాలా నచ్చింది. ఇప్పుడు సొంతంగా ఒకటి కొందామనుకుంటున్నాను. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్ ఒకటి ఆన్‌లైన్‌లో మంచి డిస్కౌంట్‌కి కనిపించింది. దాదాపు అదే ధరకి దగ్గర్లోని షాపువాళ్లు ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి? షాపులోనే కొనాలా? ఎలాంటి ట్రైల్స్‌తో మొదలుపెట్టాలి? ఎత్తు ఎక్కడం మొదలైన రెండు నిమిషాలకే ఆయాసం వస్తోంది. దిగేటప్పుడు చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఫిట్‌నెస్‌కి ఏం చేయాలి? మా అబ్బాయికి 12 ఏళ్లు. వాడూ వస్తానంటున్నాడు, తీసుకెళ్లవచ్చా?

జవాబు: మీరు సైకిల్, షాపు, ట్రైల్స్, ఫిట్‌నెస్ అనే వరుసలో అడిగారు. నేను ట్రైల్స్‌తో మొదలుపెడతాను. మీరు ఏ దారిలో తొక్కబోతున్నారో తేలితే సైకిల్ ప్రశ్న సగం తేలిపోతుంది. చాలామంది ముందు సైకిల్ కొనేసి, ఆ తర్వాత దానికి తగిన దారి కోసం వెతుక్కుంటారు. రాళ్ల కొండల మీంచి దూకడానికి తయారైన బరువైన సైకిల్ మీద చదును మట్టి రోడ్డులో ఆపసోపాలు పడి, ఇది మనవల్ల కాదని మానేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల కాళ్లలో ఏ లోపమూ లేదు. ఆ దారికి ఆ సైకిల్ సరిపడలేదు, అంతే.

కాబట్టి మొదటి పని: వారంలో రెండు మూడు సార్లు, పెద్ద ప్రయాణం లేకుండా వెళ్లగలిగిన దారి మీకు ఏది ఉంది? దూరాన ఉన్న పేరున్న ట్రైల్‌కి నెలకొకసారి వెళ్లడం కంటే, దగ్గర్లోని సాదా మట్టి దారిని పదే పదే తొక్కడం వల్ల మీరు చాలా త్వరగా నేర్చుకుంటారు. రెండోసారికి మలుపు ఎక్కడుందో తెలుస్తుంది, నాలుగోసారికి దాన్లోకి ఎంత వేగంతో వెళ్లాలో తెలుస్తుంది. కొత్త దారిలో భయమే మన శ్రద్ధనంతా తినేస్తుంది. తెలిసిన దారిలో ఆ శ్రద్ధ చేతుల మీదికీ, చూపు మీదికీ, బ్రేకు మీదికీ మళ్లుతుంది.

వీలైతే ఆ దారిని ఒకసారి నడిచి చూడండి. ఎత్తు ఎంత నిటారుగా ఉంది, నేల గట్టిదా వదులు కంకరా, వేర్లు, రాళ్లు ఏ సైజువి, మలుపు తర్వాత ఎంత దూరం కనిపిస్తుంది, తప్పు జరిగితే పక్కకి తప్పుకునే చోటు ఉందా లేక నేరుగా లోయేనా? నా దృష్టిలో ఈ ఆఖరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. వెడల్పైన దారిలో కష్టమైన రాళ్లున్నా నేర్చుకోవచ్చు. పక్కన లోయ ఉన్న సన్నటి దారిని, ఎంత నున్నగా ఉన్నా సరే, ఇప్పుడప్పుడే ముట్టుకోవద్దు.

సైకిళ్ల కోసమే వేసిన ట్రైల్స్ ఉన్న చోట బోర్డుల మీద రంగులుంటాయి. ఆకుపచ్చ సులభం, నీలం మధ్యస్థం, నలుపు కష్టం. బ్రిటన్‌లో నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు కూడా ఉంటుంది. యూరప్‌లో ఎస్0 నుంచి ఎస్5 దాకా ఇంకో కొలత వాడతారు. ఎస్0 అంటే అడ్డంకులు లేని గట్టి నేల, ఎస్1 అంటే చిన్న వేర్లు, రాళ్లు, ఎస్2 దగ్గరికొచ్చేసరికి మెట్లు, పెద్ద రాళ్లు మొదలవుతాయి. మీరు కొన్నాళ్లు ఆకుపచ్చలో, ఎస్0, ఎస్1లలో ఉండండి. ఒక చోటి నీలం ఇంకో చోటి నలుపంత కష్టంగా ఉండవచ్చు కాబట్టి ఏ కొత్త చోటికెళ్లినా ఒక మెట్టు తక్కువ దానితో మొదలుపెట్టండి.

ఆ దారిలో సైకిల్‌కి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. అది అటవీ భూమి కావచ్చు, ఎవరి సొంత భూమో కావచ్చు, నడిచేవాళ్లకి మాత్రమే కేటాయించినది కావచ్చు. దారిలో నడిచేవాళ్లకీ గుర్రాల మీద వచ్చేవాళ్లకీ మనమే తప్పుకోవాలి. దిగుతున్నవాళ్లు ఎక్కుతున్నవాళ్లకి దారి ఇవ్వాలి, ఎందుకంటే ఎత్తులో ఒకసారి ఆగితే మళ్లీ కదలడం చాలా కష్టం. వాన పడిన మర్నాడు టైర్లు మట్టిలో లోతుగా దిగి గాడి పడుతుంటే వెనక్కి తిరిగిపోండి. ఆ గాడిలో నీరు పారి దారినే కోసేస్తుంది. వెనక చక్రం లాక్ చేసి జారించడం వల్ల జరిగేదీ అదే. కొందరి అజాగ్రత్త వల్ల ఒక ట్రైల్ అందరికీ మూతపడటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ మాట మర్యాద కోసం చెప్పడం లేదు.

ఇక సైకిల్. మీరు రాసినదాన్ని బట్టి నా ఓటు షాపువాళ్లు చూపించిన ముందు సస్పెన్షన్ సైకిల్‌కే, అంటే హార్డ్‌టెయిల్‌కే. ఒకే ధరలో రెండు సైకిళ్లు పెడితే, ఫుల్ సస్పెన్షన్ దాంట్లో వెనక షాక్‌కీ, కదిలే కీళ్లకీ, వాటి బేరింగులకీ డబ్బు పోతుంది. ఆ డబ్బు ఎక్కడో తగ్గించాలి కదా. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌లోనో, బ్రేకుల్లోనో, చక్రాల్లోనో తగ్గిస్తారు. పైగా ఆ కీళ్లకీ షాక్‌కీ సర్వీసు ఖర్చు తర్వాత కూడా ఉంటుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత బండ సైకిళ్ల మీద కొండలు దిగేవారు. 1976లో మొదలైన వాళ్ల పందెం దారి సుమారు 3 కిలోమీటర్లలో 400 మీటర్లు కిందికి దిగుతుంది. ఆ సైకిళ్లకి సస్పెన్షన్ అన్నదే లేదు. అయినా వాళ్లని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది బ్రేకులే. పెడల్ వెనక్కి తొక్కితే పట్టే, చక్రం నడిమి హబ్బులో ఉండే బ్రేకు దిగేసరికి కాలిపోయేంత వేడెక్కి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది. తర్వాత మౌంటెన్ బైకుల తయారీలో పేరు తెచ్చుకున్న గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటివాళ్లు అక్కడి నుంచే వచ్చారు. ఎక్కువ సంఖ్యలో తయారై 1981లో మార్కెట్లోకి వచ్చిన స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్‌కి కూడా సస్పెన్షన్ లేదు. కాబట్టి మీ బడ్జెట్‌లో మొదటి వాటా బ్రేకులకీ టైర్లకీ ఇవ్వండి. కొండ మీద మిమ్మల్ని కాపాడేవి అవే.

షాపులో సైకిల్ ముందు నిలబడినప్పుడు చూడాల్సినవి చెబుతాను. బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్, అంటే ద్రవం ఒత్తిడితో పట్టేవి అయి ఉండాలి. కేబుల్‌తో లాగే డిస్క్ కూడా ఆపుతుంది కానీ పొడవైన దిగుడులో వేళ్లని అలసట పెడుతుంది. ఫోర్క్ గాలితో పనిచేసేదై ఉండాలి, అడుగున రీబౌండ్, అంటే నొక్కుకున్న ఫోర్క్ తిరిగి లేచే వేగం, మార్చుకునే నాబ్ ఉండాలి. చవక ఫోర్కుల్లో ఉండేది ఒక స్ప్రింగు మాత్రమే. అది నొక్కుకుని వెంటనే తిరిగి ఎగదన్నుతుంది, మీ బరువుకి తగ్గట్టు మార్చుకోవడానికి వీలుండదు. మీలాంటి అవసరానికి ఫోర్క్ కదలిక 100 నుంచి 130 మి.మీ. ఉంటే చాలు. చక్రాలు 29 అంగుళాలైనా 27.5 అయినా సరే. 29 రాళ్ల మీంచి తేలిగ్గా దొర్లిపోతుంది, పొట్టిగా ఉండేవాళ్లకి 27.5 చేతికి బాగా లొంగుతుంది. రెండు చక్రాలకీ సన్నటి క్విక్ రిలీజ్ పుల్లల బదులు థ్రూ యాక్సిల్, అంటే హబ్బులోంచి దూరి మరతో బిగిసే లావాటి ఇరుసు, ఉంటే మంచిది.

ఇంకొకటి, సాధారణంగా ఎవరూ చెప్పనిది. వెనక గేర్ల గుత్తి హబ్బుకి మర తిప్పి బిగించే ఫ్రీవీలా, లేక హబ్బు గాళ్లలోకి జారించి బిగించే క్యాసెట్టా అని అడగండి. ఫ్రీవీల్ అయితే కుడి వైపు బేరింగు బాగా లోపలికి ఉండిపోతుంది. దాంతో యాక్సిల్‌లో చాలా పొడవుకి ఆధారం ఉండదు. రాళ్ల మీద దిగినప్పుడు వంగేది, విరిగేది ఇదే. క్యాసెట్ హబ్బులో బేరింగు చివరికంటా ఉంటుంది. మౌంటెన్ బైక్‌లా కనిపించేదానికీ నిజంగా కొండకి పనికొచ్చేదానికీ తేడా తెలుసుకోవడానికి ఇది మంచి గుర్తు. కొన్ని చవక సైకిళ్ల ఫ్రేమ్ మీదే కొండ దారుల్లో వాడవద్దని చిన్న అక్షరాల స్టిక్కర్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో మీరు చూసిన సైకిల్ వివరాల్లో ఇవన్నీ ఉన్నాయేమో ఒకసారి సరిచూడండి. ఫోర్క్ పేరు, హబ్బు రకం, బ్రేకు మోడల్ రాయకుండా గేర్ల సంఖ్య మాత్రం పెద్దక్షరాల్లో రాసి ఉంటే నేనైతే కొనను.

గేర్ల సంఖ్యకి మురిసిపోవద్దు. అన్నిటికన్నా తేలికైన గేరు ఎంత తేలిక అన్నదే మీ ఆయాసానికి సంబంధించిన ప్రశ్న. ముందు 32 పళ్ల ఒకే చక్రం, వెనక పెద్ద చక్రానికి 51 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పినప్పుడు వెనక చక్రం 0.63 చుట్టు మాత్రమే తిరుగుతుంది. నిటారు ఎత్తులో కూడా కూర్చుని తొక్కేయొచ్చు. ముందు మూడు చక్రాలున్న పాత పద్ధతిలో కూడా ఇంత తేలిక గేరు దొరుకుతుంది, కాకపోతే మార్చుకునే తలనొప్పి ఎక్కువ.

ఫుల్ సస్పెన్షన్ తీసుకోమని చెప్పే సందర్భాలు రెండున్నాయి. మీ నడుముకి పాత దెబ్బ ఉన్నా, లేదా మీ దగ్గర్లో ఉన్న దారులన్నీ రాళ్ల మెట్లే అయినా అదే తీసుకోండి. అప్పుడు కూడా డిస్కౌంట్‌లో తెలియని పేరు కంటే, మంచి షాపు పరీక్షించి ఇచ్చే సెకండ్ హ్యాండ్ మేలు. అతుకుల దగ్గర పగుళ్లు, ఫోర్క్ కాళ్ల మీద గీతలు, వెనక చక్రం పట్టుకుని పక్కకి ఊపితే కీళ్లలో టకటక ఉందేమో చూడాలి.

సైజు విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి, చార్టు మాట కూడా. ఎక్కి చూడండి. ఫ్రేమ్ పై పైపుకి అటూ ఇటూ కాళ్లు నేలమీద పెట్టి నిలబడితే మధ్యలో ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పితే కాలు పూర్తిగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. పెడల్స్ మీద లేచి నిలబడి మోచేతులు కాస్త వంచినప్పుడు హ్యాండిల్ కోసం సాగిలపడుతున్నట్టూ ఉండకూడదు, పొట్టకి తగులుతున్నట్టూ ఉండకూడదు. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే రెండూ తొక్కాకే నిర్ణయించుకోండి. షాపులో కొనడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే.

షాపు గురించి అడిగారు కాబట్టి: అద్దాల వెనక మెరిసే సైకిళ్లు చూసి షాపుని అంచనా వేయకండి, వెనకాల రిపేరు చేసే చోటు చూడండి. పనిముట్లు వాటి చోట ఉన్నాయా, మెకానిక్ బోల్టులు బిగించడానికి బిగువు కొలిచే టార్క్ రెంచ్ వాడుతున్నాడా, మీరు అడిగినదానికి నిలబడి జవాబు చెబుతున్నాడా? ఇంకా కొన్ని అడగండి. కాసేపు బయట తొక్కి చూడనిస్తారా? మొదటి కొన్ని వారాల తర్వాత ఉచిత సర్వీసు ఉందా? కొత్త సైకిల్‌కి గేరు కేబుళ్లు సర్దుకుంటాయి, స్పోకులు కాస్త వదులవుతాయి కాబట్టి ఆ సర్వీసు తప్పనిసరి. బ్రేకుల్లో గాలి తీయడం, ఫోర్క్ సర్వీసు వాళ్లే చేస్తారా, బయటికి పంపుతారా? మీ సైకిల్‌కి సరిపోయే డిరెయిలర్ హ్యాంగర్ స్టాకులో ఉందా? ఈ హ్యాంగర్ చిన్న అల్యూమినియం ముక్క. గేర్లు మార్చే యంత్రం రాయికి తగిలితే ఫ్రేమ్ విరగకుండా తను వంగిపోవడమే దాని పని. ఫ్రేమ్‌ని బట్టి ఆకారం మారిపోతుంది. ఒకటి కొని సంచిలో పడేసుకోండి.

షాపు ధరకీ ఆన్‌లైన్ ధరకీ తేడా ఉంటే ఆ తేడాలో ఇవన్నీ కలిపి లెక్కేయండి. ధర తగ్గించమని గట్టిగా బేరమాడే బదులు, హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే స్టెమ్ మార్చి ఇవ్వమనో, టైర్లని ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేకుండా) చేసి ఇవ్వమనో అడిగితే వాళ్లూ సంతోషంగా ఒప్పుకుంటారు, మీకూ ఎక్కువ ఉపయోగం. షాపులో సైజు చూసుకుని ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టే పని మాత్రం చేయకండి. అలా చేస్తే ఆ షాపు మూతపడుతుంది, ఆ తర్వాత శనివారం పొద్దున బ్రేకు పట్టకపోతే వెళ్లడానికి మీకు చోటుండదు. ఒకవేళ ఆన్‌లైన్‌లోనే కొన్నా, బిగించే పని డబ్బిచ్చి మెకానిక్‌తో చేయించుకోండి. సర్వీసుకి ఇచ్చేటప్పుడు మట్టి కడిగి తీసుకెళ్లండి. చప్పుడు వస్తోందని మాత్రమే చెప్పకుండా, ఏ గేరులో, తొక్కుతున్నప్పుడా ఆపినప్పుడా, నిలబడితేనా కూర్చుంటేనా అన్నది చెబితే వాళ్ల పని సగం తగ్గుతుంది.

మిగతా సామాన్లలో హెల్మెట్ మొదటిది. యూరప్‌లో ఈఎన్ 1078, అమెరికాలో సీపీఎస్సీ లాంటి ప్రమాణం లోపల రాసి ఉండాలి. మౌంటెన్ బైకింగ్‌కి తల వెనక భాగం కిందిదాకా కప్పేది ఎంచుకోండి. లోపలి నురుగు ఒక్క పెద్ద దెబ్బకి నలిగి, ఆ దెబ్బని తను తీసుకుంటుంది. మళ్లీ మామూలు స్థితికి రాదు. పైకి పగులు కనిపించకపోయినా గట్టిగా తగిలిన హెల్మెట్ మార్చేయాలి. తర్వాత పూర్తి వేళ్ల గ్లోవ్స్, కళ్లద్దాలు, మోకాళ్ల ప్యాడ్స్. పెడల్స్ మాత్రం చిన్న పిన్నులున్న వెడల్పైన ఫ్లాట్ పెడల్స్ పెట్టించుకుని, చదునైన రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. బూటుని పెడల్‌కి తగిలించే క్లిప్పుల సంగతి ఒక ఏడాది తర్వాత చూద్దాం. కాలు కింద పెట్టగలనన్న ధైర్యం మొదట్లో చాలా అవసరం. దిగేటప్పుడు బటన్ నొక్కితే సీటు కిందికి పోయే డ్రాపర్ పోస్ట్ ఉంటే మంచిది. లేకపోతే దిగే ముందు ఆగి చేత్తోనే సీటు దించుకోండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక పైసా ఖర్చు లేకుండా సైకిల్‌ని మార్చేసేది టైరులో గాలి. ఈ ఒక్క విషయం మీద నేను ఎంత చెప్పినా తనివి తీరదు. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. చాలామంది దాని దగ్గరిదాకా నింపేసి, రోడ్డు మీద బాగా పోతోంది కదా అనుకుంటారు. మట్టిలో, రాళ్ల మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది. పట్టు పోతుంది, ఆ అదురంతా మీ చేతుల్లోకి వస్తుంది. మీరు 75 కిలోలున్నారనుకుందాం. 2.3 లేదా 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరులో ముందు 21, వెనక 24 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. ట్యూబులుంటే మూడు నాలుగు పెంచండి, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది. బరువు ఎక్కువైతే ఇంకొంచెం పెంచాలి. ఒక రైడ్‌లో ఒక్కొక్క పీఎస్ఐ తగ్గిస్తూ వెళ్లండి. మలుపులో టైరు పక్కకి ఒరిగినట్టనిపిస్తే, లేదా రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపిస్తే, ఒకటి రెండు పెంచి అక్కడ ఆపేయండి. ఆ అంకెని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. పంపు మీది గేజులు ఒకదానికొకటి కలవవు కాబట్టి ఎప్పుడూ ఒకే గేజుతో కొలవండి. ట్యూబ్‌లెస్ లోపల పోసే సీలెంట్, అంటే చిల్లులు పూడ్చే ద్రవం, కొన్ని నెలల్లో ఎండిపోతుంది. అప్పుడప్పుడు తెరిచి చూసి మళ్లీ పోయించాలి.

ఫోర్క్‌లో గాలి కూడా అంతే. రైడ్‌కి వేసుకునే బట్టలు, సంచితో సహా ఎక్కి నిలబడితే ఫోర్క్ తన మొత్తం కదలికలో 15 నుంచి 20 శాతం దిగాలి. 120 మి.మీ. ఫోర్క్‌కి అది 18 నుంచి 24 మి.మీ. ఫోర్క్ కాలి మీదుండే రబ్బరు రింగు ఈ కొలత చూపిస్తుంది. షాపులో కొన్న రోజే ఇది వాళ్లతో చేయించుకోండి.

ఇప్పుడు మీ చేతుల తిమ్మిరి. ఎక్కువ గాలి ఒక కారణం కావచ్చు, ఇంకా మూడు నాలుగున్నాయి. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే శరీరం ముందుకి జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది. బ్రేకు లివర్లు మరీ కిందికో మరీ పైకో తిరిగి ఉంటే మణికట్టు వంగిపోతుంది. నిలబడి తొక్కే భంగిమలో ముంజేయి, చేయి, వేలు దాదాపు ఒకే గీతలో ఉండేలా లివర్ తిప్పుకోండి. లివర్ దూరం తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది, చూపుడు వేలి మొదటి కణుపు దానికి అందాలి. హైడ్రాలిక్ బ్రేకుకి ఒక వేలు చాలు, మిగతావి హ్యాండిల్‌ని పట్టుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు నిరంతరం నొక్కి ఉంచకండి. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. చేతులకీ బ్రేకులకీ రెండిటికీ విశ్రాంతి దొరుకుతుంది.

వీటన్నిటి కంటే పెద్ద కారణం నిలబడే తీరు. దిగేటప్పుడు సీటు మీద కూర్చోకండి. రెండు పెడల్స్ నేలకి సమాంతరంగా ఉంచి లేచి నిలబడండి. నడుము దగ్గర వంగి తుంటిని వెనక్కి పోనివ్వండి, ఛాతీ కిందికి రానివ్వండి, మోచేతులు బయటికి, చూపు ముందు చక్రం మీద కాకుండా పది పదిహేను మీటర్ల అవతల. బరువంతా పాదాల మీద ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. పట్టు కాస్త వదిలినా ముందుకి పడిపోకూడదు. చదును నేలమీద రోజూ పది నిమిషాలు ఇది సాధన చేయండి. ఇవన్నీ చేశాక కూడా ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనించండి. చిటికెన వేలు, ఉంగరం వేలు అయితే అరచేతి బయటి అంచున నరం నొక్కుకుంటోంది. బొటనవేలి వైపు అయితే మణికట్టు మధ్య నరం. రైడ్ అయ్యాక గంటలు గడిచినా తగ్గకపోతే, రాత్రిళ్లు కూడా వస్తుంటే డాక్టర్‌కి చూపించండి.

ఫిట్‌నెస్ విషయంలో ముందు ఒక మాట. 41 ఏళ్ల వయసు, కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగింపు, కళ్లు తిరగడం ఎప్పుడైనా అనిపించిందా? అనిపిస్తే ఇక్కడ చదవడం ఆపి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉత్త ఆయాసమే అయినా బీపీ, షుగర్ ఒకసారి చూపించుకోవడం మంచిదే.

రెండు నిమిషాల్లో ఆయాసం రావడానికి చాలావరకు కారణం మీరు ఎత్తుని మొదలుపెట్టే వేగం. చదును మీద వచ్చిన ఊపుతో బరువు గేరులోనే ఎక్కేస్తాం. కాళ్లు బిగుసుకున్నాక గేరు మారుస్తాం, అప్పటికి చైను మీద బరువు పడి కటకటమంటుంది. ఎత్తు కనిపించగానే, ఎక్కకముందే తేలిక గేరులోకి వచ్చేయండి. మాట్లాడగలిగినంత నెమ్మదిగా మొదలుపెట్టండి. పూర్తి వాక్యం పలకలేకపోతున్నారంటే వేగం తగ్గించండి. మొదటి మూడో వంతు మరీ తేలిగ్గా ఉందే అనిపించాలి. నిటారుగా ఉన్నచోట సీటు ముందు అంచుకి జరిగి, మోచేతులు దించి, గడ్డం హ్యాండిల్ వైపు తీసుకెళ్లండి. ముందు చక్రం లేస్తుంటే ఇంకా ముందుకి జరగాలి, వెనక చక్రం జారుతుంటే కాస్త వెనక్కి. ఈ సర్దుబాటుతోనే చాలా ఎత్తులు లొంగుతాయి.

వారానికి మూడు రైడ్‌లు చాలు. ఒకటి గంటన్నరదాకా, ఆద్యంతం మాట్లాడుతూ తొక్కగలిగిన వేగంలో. గుండెకీ కాళ్లకీ ఓర్పు పెరిగేది ఇక్కడే. ఇది మరీ నెమ్మది అని చాలామంది చేయరు, మీరు మాత్రం వదలకండి. రెండోది నెల తర్వాత మొదలుపెట్టండి: ఏదైనా ఎత్తు మీద నాలుగు నిమిషాలు గట్టిగా, తర్వాత మూడు నిమిషాలు తేలిగ్గా, అలా నాలుగుసార్లు. మూడోది మీ ఇష్టం, ట్రైల్ మీద ఆడుకోండి. రెండు రోజులు అరగంట చొప్పున బలం కోసం: నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి బరువు ఎత్తడం, ఒంటికాలి గుంజిళ్లు, పుషప్స్, బరువు ముందు నుంచి ఛాతీ వైపు లాగడం, ప్లాంక్, కడ్డీకి వేలాడటం. దిగేటప్పుడు నిలబడే భంగిమకి కావాల్సిన బలం ఇదే, చేతుల పట్టుకి కూడా.

సైకిల్ బరువు తగ్గించే సామాన్ల ప్రకటనలు మీకు కనిపిస్తాయి. మీరు 75, సైకిల్ 14 కిలోలు అనుకుంటే మొత్తం 89. చాలా డబ్బు పెట్టి ఒక కిలో తగ్గిస్తే ఎత్తు మీద మీకు మిగిలేది సుమారు ఒక శాతం. నెల రోజుల నిలకడైన రైడింగ్ అంతకంటే ఎక్కువ ఇస్తుంది. గంటన్నర దాటే రైడ్‌లకి నీళ్లతో పాటు గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం ఏదో ఒక రూపంలో తీసుకోండి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

ఇంట్లో మీరే నేర్చుకోవాల్సిన పనులు కొన్నే: పంక్చర్ వేయడం, చైను లింకు మార్చడం, చైను తుడిచి నూనె వేయడం. చైను అరుగుదల కొలిచే చిన్న గేజు ఒకటి కొనండి. 11, 12 గేర్ల చైను 0.5 శాతం సాగగానే మార్చేయాలి. ఆలస్యం చేస్తే అది క్యాసెట్ పళ్లని కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు చాలా రెట్లు. కొత్త బ్రేకులకి మొదటిరోజు ఖాళీ స్థలంలో, ఓ మాదిరి వేగం నుంచి చక్రం లాక్ కాకుండా నడక వేగానికి తగ్గించడం ఇరవైసార్లు చేయండి. ప్యాడ్ పొర డిస్క్ మీద సమానంగా పరుచుకుని అప్పుడు పూర్తి పట్టు వస్తుంది.

మీ అబ్బాయిని తప్పకుండా తీసుకెళ్లండి. ఎదిగే పిల్లాడు కదా అని ఒక సైజు పెద్దది మాత్రం కొనవద్దు. పెద్ద సైకిల్ మీద బ్రేకు అందదు, కాళ్లు నేలకి ఆనవు, భయం అక్కడే పుడుతుంది. వాడి ఎత్తుని బట్టి 24 లేదా 26 అంగుళాల చక్రాలు సరిపోవచ్చు. లివర్ల దూరాన్ని వాడి చిన్న వేళ్లకి తగ్గట్టు దగ్గరికి పెట్టించండి. సైకిల్ ఎంత తేలికైతే అంత మంచిది, ఎందుకంటే వాడి బరువులో సైకిల్ వాటా మీకంటే చాలా ఎక్కువ. తేలిక పిల్లలకి టైర్లలో గాలి మీకంటే తక్కువ ఉండాలి. చవక స్ప్రింగు ఫోర్క్ వాడి బరువుకి అసలు కదలదు కాబట్టి సస్పెన్షన్ లేని తేలిక ఫోర్కే మేలు. ఎక్కేటప్పుడు వాడిని ముందు పోనివ్వండి, వేగం వాడే నిర్ణయిస్తాడు. దిగేటప్పుడు మీరు ముందుండండి. మీరు బ్రేకు ఎక్కడ వేస్తున్నారో, ఏ గీత మీద పోతున్నారో చూసి నేర్చుకుంటాడు. దారి చీలే ప్రతిచోటా ఆగి వాడు వచ్చాకే కదలండి.